భోగిమంటలో ఏది వెయ్యాలి?

సంక్రాంతికి ముందురోజు తెల్లవారుజామున భోగిమంట వేసే ఆచారం ఎవరు పెట్టారో గాని, వారికి సంసారం సంగతి బాగా తెలుసు. ఇంట్లో పనికిరాని సామాను ఏటా ఒక్కసారి బయటికి తీసి నలుగురి ఎదటా తగలెయ్యాలనే నియమం లేకపోతే, ఈపాటికి మన ఇళ్లలో మనుషులు నిలబడటానికి చోటుండేది కాదు. అయితే భోగి ముందురాత్రి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న తగాదా జరుగుతుంది. కాలు విరిగిన పీట పనికిరాదని ఒకరంటారు. అది నాయనమ్మ కూర్చుని మజ్జిగ చిలికిన పీట అని మరొకరంటారు. చిత్రమేమంటే, ఇద్దరు చెప్పేదీ నిజమే.

మా పాతబస్తీలో ఈ తగాదా మరికాస్త ఎక్కువ. శాలిబండ, గౌలిపుర, లాల్‌దర్వాజా, అలియాబాద్ వైపు మిగిలిన పాత ఇళ్లలో అటకలు పెద్దవి, జనం జ్ఞాపకాలు అంతకన్నా పెద్దవి. అటక దించితే గురువారంనాడు జుమ్మేరాత్ బజారు ఎలాగూ వుంది. పాత తాళంకప్ప మొదలు పాత మంచందాకా అక్కడ దేనికైనా గిరాకీ వుంటుంది. కాబట్టి మేము తగలేసేది తక్కువ, అమ్మేది ఎక్కువ, దాచేది అన్నిటికన్నా ఎక్కువ.

ఇప్పటి సంసారాలకు ఇంకొక అటక కూడా వచ్చింది. దానికి నిచ్చెన అక్కర్లేదు, బూజు పట్టదు, ఎంత కుక్కినా తలుపు పడుతూనే వుంటుంది. సెల్‌ఫోనులోనూ, కంప్యూటరులోనూ వుండే అటక అది. పెళ్లి ఫొటోలు, పిల్లల పాటలు, కరెంటు బిల్లులు, ఎవరో పంపిన పండుగ శుభాకాంక్షలు అన్నీ అందులోనే. కంటికి కనబడదు గనుక దాన్ని దించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నాకూ రాకపోవును, ఒక ఉత్తరం రాకపోతే.

నేను 2006లో ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాను. పాతబస్తీ గల్లీలు, కమాన్లు, దేవ్డీల గుమ్మాలు, లాల్‌దర్వాజా సింహవాహిని గుడి బోనాలు, మొహర్రంనాడు ఏనుగు మీద వెళ్లే బీబీకా ఆలం ఊరేగింపు ఇవన్నీ ఫొటోలు తీసి, నాలుగు మాటలు రాసి అందులో పెడుతూ వచ్చాను. తరవాత మా అమ్మ పచ్చళ్ల కొలతలు వచ్చి చేరాయి. ఆపైన చదివిన పుస్తకాల మీద అభిప్రాయాలు, తిరిగిన ఊళ్ల ముచ్చట్లు, ఎన్నడో మారిపోయిన రైళ్ల వేళలు కూడా చేరాయి. పద్ధెనిమిదేళ్లు గడిచేసరికి 8,200 ఫొటోలు, 1,100 వ్యాసాలు, మొత్తం 31 గిగాబైట్లు అయింది. చోటు అద్దెకిచ్చిన సంస్థవారు మర్యాదగానే రాశారు: మీ గది నిండింది, సామాను తగ్గించుకోండి, లేదా రెట్టింపు అద్దెతో పెద్ద గది తీసుకోండి అని.

పింఛనుదారుడికి రెట్టింపు అద్దె అనే మాట బాగా వినిపిస్తుంది. తగ్గించడానికే కూర్చున్నాను. కూర్చున్నాక నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో తెలిసిన సంగతులు ఇతర సంసారాలకు కూడా పనికి వస్తాయేమోనని ఇక్కడ చెబుతున్నాను. మీకు వెబ్‌సైటు లేకపోవచ్చు గాని ఫోను నిండా ఫొటోలు వున్నాయి గదా.

సామాను పోగుచేసిన వాడి సంగతి చెప్పాలంటే మా వూరికి సాలార్‌జంగును మించిన ఉదాహరణ లేదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ నిజాం దగ్గర దివానుగిరీ వదులుకున్న తరవాత, జీవితమంతా వస్తువులు కొనడంలోనే గడిపాడు. పెళ్లి చేసుకోలేదు. చైనా పింగాణీ, ఐరోపా గడియారాలు, దంతపు కుర్చీలు, రాతప్రతులు, బొమ్మలు, ఏది బాగుంటే అది కొన్నాడు. 1949లో ఆయన చనిపోయేనాటికి ఆ వస్తువులు ఆయన మహళ్లనిండా చెదిరి వున్నాయి. వాటిని ఏర్చి కూర్చే పని జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడికి అప్పగించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవ్డీలో నెహ్రూగారు ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

ఇందులో మనకు పనికివచ్చేవి రెండు సంగతులు. మొదటిది: పోగుచేసిన మనిషికి ఏర్చే తీరిక దొరకలేదు, ఆ పని ఇతరుల మీద పడింది. ఆయన సాలార్‌జంగు గనుక ప్రభుత్వం పూనుకుంది. మనబోటి వాళ్ల సామాను ఏర్చడానికి ఏ కజిన్స్ దొరగారూ రాడు. రెండవది: మ్యూజియంలో నలభైవేలకు పైగా కళావస్తువులు వున్నా, గ్యాలరీలలో పెట్టేది వాటిలో కొంతభాగమే. తక్కినవి భద్రంగా గిడ్డంగిలో వుంటాయి. అంటే చూపించేది వేరు, దాచేది వేరు. ఈ తేడా బుర్రకెక్కితే సగం తగాదా తీరిపోతుంది. వెబ్‌సైటులోంచి ఒక ఫొటో తీసేసినంత మాత్రాన దాన్ని భోగిమంటలో వేసినట్టు కాదు. అది ఇంట్లో వుంటుంది, వీధి అరుగుమీద వుండదు, అంతే.

కాబట్టి దాచడం ముందు, తీసెయ్యడం తరవాత. ఈ వరుస తప్పకూడదు.

దాచడం అంటే ఒక హార్డు డిస్కు కొని అందులో అంతా ఎక్కించడం అని చాలామంది అనుకుంటారు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రం వుంది. ఏదైనా మూడు ప్రతులు వుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద వుండాలి, వాటిలో ఒకటి మరో చోట వుండాలి. ఈ మూడో షరతు చాదస్తంగా కనిపిస్తుంది గాని, మూసీ ఒడ్డున వుండేవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలాదిమంది పోయారు, ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. ఆ దెబ్బకే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, తరవాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టించడం జరిగాయి. అదంతా మన తాతలనాటి మాట అందామంటే, 2020 అక్టోబరు వానలకు చాంద్రాయణగుట్ట, హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ ప్రాంతాల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు కంప్యూటరు, దాని పక్కనే సొరుగులో పెట్టిన హార్డు డిస్కు కలిసే మునుగుతాయి. రెండు ప్రతులు ఒకే బల్లమీద వుంటే వాటిని ఒక ప్రతిగానే లెక్కవెయ్యాలి.

పెద్ద సంస్థల దగ్గర పెడితే భయం లేదు గదా అనవచ్చు. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్ నగరంలో ఓవీహెచ్ అనే సంస్థవారి డేటా కేంద్రం ఒకటి తగలబడిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. అసలూ నకలూ ఆ ఆవరణలోనే పెట్టుకున్నవారిలో కొందరికి ఏమీ మిగల్లేదు. నిప్పుకు చిన్న సంస్థ, పెద్ద సంస్థ అన్న తేడా లేదు.

నిజానికి ఈ సూత్రం మనకు కొత్తది కాదు. తాటాకు పుస్తకాన్ని చెద తినేలోగా ఇంకో తాటాకు మీదికి ఎక్కించుకోబట్టే మన కావ్యాలు నిలిచాయి. ఒక గ్రంథం ఒకే ఇంట్లో వుంటే ఆ ఇంటితోనే పోతుంది, పది ఊళ్లలో వుంటే ఏదో ఒక ఊళ్లో బతుకుతుంది. కడపలో సి. పి. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి చేయించిన పని కూడా ఇదే. ఒకే కావ్యానికి వేరువేరు ఊళ్లనుంచి ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసి, శుద్ధప్రతి రాయించేవాడు.

నా ఏర్పాటు ఇలా చేసుకున్నాను. ఒక ప్రతి ఇంట్లో హార్డు డిస్కులో. ఒకటి నెట్టుమీద అద్దెచోటులో. మూడోది ఇంకొక డిస్కులో ఎక్కించి, వరంగల్లులో వుంటున్న మా అమ్మాయికి ఇచ్చాను. దసరాకు వచ్చినప్పుడు ఆ డిస్కు తెస్తుంది, కొత్తవి చేర్చి మళ్లీ పట్టుకుపోతుంది. డిస్కుకు ఆయుర్దాయం ఇంత అని ఏ బ్రహ్మా రాయలేదు గనుక ఏడాదికొకసారి తెరిచి చూడటం అవసరం. పచ్చడి జాడీ మూత తీసి చూసుకుంటామా లేదా?

ఇక్కడొక మెలిక వుంది. వెబ్‌సైటు అనేది ఒక వస్తువు కాదు, రెండు. ఫొటోలు, బొమ్మలు ఒక గదిలో ఫైళ్లుగా వుంటాయి. రాసిన రాతలన్నీ డేటాబేసు అనే ఇంకో గదిలో పట్టికలుగా వుంటాయి. చాలామంది మొదటి గది ఖాళీచేసి అంతా వచ్చేసిందనుకుంటారు. మా వైపు ఇల్లు మారేటప్పుడు గిన్నెలన్నీ బండికెక్కించి, మంచాలకింది పెట్టెలు మరిచిపోయినట్టే వుంటుంది ఆ పని. రెండూ వచ్చాయో లేదో తెలియాలంటే ఒకటే మార్గం. దాచిన ప్రతిని మరో ఖాళీ చోట నిలబెట్టి, నడుస్తుందో లేదో చూడాలి. తెరిచి చూడని ప్రతిని ప్రతి అనుకోకూడదు.

నేను నిలబెట్టి చూశాను. ఫొటోలన్నీ కనిపించాయి. తెలుగు మాత్రం మాయమైంది! దాని బదులు వరుసలు వరుసలుగా తలమీద వాలుగీత పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరాలు, వాటి మధ్య సున్నాలూ చుక్కలూ కనబడ్డాయి. మా ఆవిడ చూసి, “ఏమండీ, ఇది ఏ దేశపు భాష?” అంది.

దీని కిటుకు తెలుసుకుంటే భయపడాల్సింది ఏమీ లేదు. యూనికోడు పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ కంప్యూటరులో మూడేసి బైట్ల చోటు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే మాటలో అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి ఆరు, అంటే 18 బైట్లు. ఆ పద్దెనిమిదినీ మూడు మూడుగా చదవమని యంత్రానికి చెబితే తెలుగు వస్తుంది. చెప్పకపోతే అది ఒక్కొక్క బైటునూ ఒక ఐరోపా అక్షరం అనుకుని, పద్ధెనిమిది పిచ్చి గుర్తులు పరుస్తుంది. పాతకాలపు డేటాబేసులకు అప్రమేయంగా ఐరోపా లిపి చీటీ అంటించి వుండేది. చీటీ మార్చి మళ్లీ ఎక్కిస్తే అంతా తేటగా చదవవచ్చింది. అసలు వెబ్‌సైటు ఇంకా చెక్కుచెదరకుండా వుంది గనుక ఇదంతా నిదానంగా చేసుకోగలిగాను. ముందు తీసేసి తరవాత పరీక్షించే వాడికి ఈ నిదానం వుండదు.

యూనికోడుకు ముందు రాసిన తెలుగుకు ఇంకా పెద్ద కష్టం వుంది. ఆ రోజుల్లో ఒక్కో పత్రికకు, ఒక్కో సాఫ్ట్‌వేరుకు ఒక్కో సొంత అక్షరాల పెట్టె. ఆ ఫాంటు పోతే రాత కూడా పోయినట్టే. మా ఛత్తా బజారు ప్రెస్సులలో ఉర్దూవారికి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరుతో ఇదే అనుభవం. దానిలో చేసిన పాత ఫైలును మామూలుగా తెరిస్తే ఉర్దూ కనబడదు. అటువంటి రాతలు మీ దగ్గర వుంటే, తెరిచే సాధనం ఇంకా దొరుకుతుండగానే యూనికోడులోకి మార్చి పెట్టుకోండి. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక పాత సంచికలు ఇప్పటికీ చదవడానికి దొరుకుతున్నాయంటే, వెనక ఎవరో కూర్చుని ఈ చాకిరీ చేస్తూ వుండబట్టే.

ఇక తగ్గించడం. ఇందులో మొదటి సగం హాయిగా గడుస్తుంది. నేను ఎక్కించిన 8,200 ఫొటోలకు గదిలో యాభైవేల పైచిలుకు ఫైళ్లు కనిపించాయి. వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్లు, మనం ఒక ఫొటో ఇస్తే, పెద్దతెరకు ఒకటి, సెల్‌ఫోనుకు ఒకటి, తాంబూలమంత చిన్నది ఒకటి చొప్పున ఐదారు సైజులు తామే చేసి పెట్టుకుంటాయి. రాతల సంగతీ అంతే. ఒక వ్యాసాన్ని దిద్దినప్పుడల్లా పాత చిత్తు ప్రతిని దాస్తాయి. మా అమ్మ గోంగూర పచ్చడికి 43 చిత్తుప్రతులు వున్నాయి. కారం కొలత మీద మా అక్కయ్యకూ నాకూ నడిచిన వాదమంతా వాటిలో వుంది. వాడని సైజులు, పాత చిత్తులు, ఎప్పుడో పెట్టి వదిలేసిన హంగులు తీసేసేసరికి సామాను మూడోవంతు తగ్గింది. దీనికి మనసు కష్టపెట్టుకోవలసిన పని లేదు. ఊడ్చి పారబోసినట్టే.

రెండో సగానికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. అక్కడ అన్నీ మనం కావాలని పెట్టుకున్నవే. రోజూ పూటకు గంట చొప్పున కూర్చుని, ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఇది నా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదా? చార్మినారు ఎదట నిలబడి తీసిన ఫొటోలు నా దగ్గర మూడువందలకు పైగా వున్నాయి. 1591 నాటి ఆ కట్టడానికి నా ఫొటోల సాయం అక్కర్లేదు. లోకంలో కోట్లమంది తీశారు, తీస్తున్నారు. ఆరు వుంచి తక్కినవి దించేశాను. రైళ్ల వేళలు దించేశాను. పుస్తకాల మీద అభిప్రాయాలు, ఆ పుస్తకాలు ఎవరికైనా దొరుకుతాయి గనుక చాలావరకు దించేశాను. పచ్చళ్ల కొలతలు వుంచాను, ఎందుకంటే మా అమ్మ చేతి కొలత మరో చోట లేదు. బాగా వచ్చిన కమాన్ల ఫొటోలు కొన్ని, అందరికీ పనికివస్తాయని, వికీమీడియా కామన్స్‌కు ఇచ్చాను. అక్కడికి చేరితే నా అద్దె కట్టినా కట్టకపోయినా అవి వుంటాయి.

దించినవాటిని వెంటనే చెరపలేదు. ఇంటి కంప్యూటరులో ‘అటక’ అని ఒక ఫోల్డరు పెట్టి, ఒక ఏడాదిపాటు అందులో వుంచాలని నియమం పెట్టుకున్నాను. ఏడాదిలో ఎవరూ అడక్కపోతే అప్పుడు ఆలోచిద్దామని.

అడిగారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు మెట్రో రైలు మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండల మీదుగా వెళ్లే ఆ మార్గంకోసం రోడ్డు వెడల్పు చెయ్యడంతో 2025లో ఆ దారిలో ఇళ్లూ దుకాణాలూ కూల్చడం మొదలైంది. రైలు వస్తే మంచిదే. పాతబస్తీ పిల్లలు కాలేజీలకు, ఉద్యోగాలకు పోయే కష్టం తగ్గుతుంది. కాని ఇల్లు పోయేవారి బాధ ఇంకో లెక్క. ఆ రోడ్డుమీద ఇల్లు వున్న ఒక ముసలామె కర్ర పట్టుకుని మా గుమ్మందాకా వచ్చింది.

“తమ్మీ, మా ఇల్లు నీ కంప్యూటర్ల ఉన్నదంట గద. ఒక్కసారి చూపియ్యరాదు?” అంది.

ఆమె ఇల్లు నేనెప్పుడూ పనిగట్టుకుని తీయలేదు. చెక్కడాలు లేవు, కమాను లేదు, ఫొటోకు ఎక్కే అందమేదీ దానికి లేదు. అయినా కూర్చోబెట్టి, తేదీలవారీగా వెతికాను. 2011 బోనాలనాటి ఘటాల ఊరేగింపు ఫొటో ఒకటి అటక ఫోల్డరులో దొరికింది. ముందున్న మనుషులు కదిలిపోయి మసకగా పడ్డారని దించిన ఫొటో అది. వాళ్ల వెనక మాత్రం అంతా స్పష్టంగానే వుంది. పచ్చరంగు తలుపు, మూడుమెట్ల అరుగు, అరుగుమీద కాలుమీద కాలేసుకు కూర్చుని ఊరేగింపు చూస్తున్న ఒక పెద్దమనిషి.

ఆమె చాలాసేపు చూసింది. “మా ఆయననే. గీ అరుగు మీదనే కూసునేటోడు. పోయి పదేండ్లాయె,” అంది. తరవాత తలుపు పక్క గోడను వేలితో చూపించి, “గిక్కడ మా పెద్దోని పెండ్లికి ముగ్గుల పటం గీపిచ్చిన. సున్నం గొట్టంగ పోయింది,” అంది. ఆ ఫొటో పెద్దదిగా అచ్చువేయించి ఇచ్చాను. ఆమె ఇప్పుడు కొడుకుతో ఉప్పుగూడలో వుంటున్నది. ఆ ఫొటో అక్కడ గోడమీద వుంది.

ఆనాటినుంచి నా ప్రశ్నకు రెండో ప్రశ్న చేర్చాను. ముందున్నది సరే, వెనక ఏముంది? ఫొటోలో మనం కావాలని తీసినది చాలాసార్లు ఇంకెక్కడైనా దొరుకుతుంది. అనుకోకుండా పడిన దుకాణం బోర్డు, బియ్యం ధర రాసిన పలక, నీళ్ల బిందెల వరుస, అరుగుమీద కూర్చున్న మనిషి దొరకరు. ఆ రెండో ప్రశ్న వేసుకుని, దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా ఆ రోడ్డుమీద తీసినవన్నీ, మసకవీ మంచివీ కూడా, తేదీ, ఇంటి గుర్తు రాసి మళ్లీ వెబ్‌సైటులో పెట్టాను. 340 ఫొటోలు అయినాయి. చార్మినారు ఖాళీచేసిన చోట్లోనే సరిపోయాయి.

దీనికి తిరగబడిన సంగతి కూడా వుంది. ఎవరూ అడక్కపోయినా తీసెయ్యవలసినవి కొన్ని వుంటాయి. బోనం ఎత్తుకుని నవ్వుతున్న ఎనిమిదేళ్ల పిల్లల ఫొటోలు నా దగ్గర ముద్దుగా వుండేవి. ఆ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పెళ్లిళ్లు కుదురుతున్నాయి. తమ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పుకునే వయసు వాళ్లకు వచ్చింది. అటువంటివన్నీ వీధిలోంచి తీసి, ఎవరి ఫొటోలు వారి ఇళ్లకు పంపాను. పాత వ్యాసాలలో ఇరుగుపొరుగుల ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు వున్నచోట చెరిపేశాను. అయితే ఒక మాట తెలిసి వుండాలి. ఒకసారి నెట్టుమీద పెట్టింది మనం తీసేసినా మరొకరి దగ్గర వుండిపోవచ్చు. అమెరికాలో బ్రూస్టర్ కాలే 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవు అప్పటినుంచీ లోకంలోని వెబ్‌పేజీలకు నకళ్లు తీసి దాస్తూ వుంది. పోయినదాన్ని వెతుక్కునేటప్పుడు అది దేవుడిలా కనిపిస్తుంది. పోవాలనుకున్నదాన్ని చూపించినప్పుడు పక్కింటి పిన్నిగారిలా కనిపిస్తుంది.

సామాను సర్దేటప్పుడు చిరునామాలు మార్చాలనే ఉబలాటం అందరికీ కలుగుతుంది. సాధ్యమైనంతవరకు మార్చకండి. వెబ్‌పేజీ చిరునామా అనేది ఇతరులు తమ పుస్తకాలలో రాసుకున్న చిరునామా. మార్చక తప్పకపోతే, పాత గుమ్మానికి ‘ఫలానా చోటికి మారాము’ అని బోర్డు కట్టే ఉపాయం సర్వరులో వుంది. పాత చిరునామాకు వచ్చినవారిని అదే కొత్తదానికి తీసుకుపోతుంది. ఈపాటి మర్యాద లేకనే నెట్టుమీద పాడుబడిన గుమ్మాలు ఎక్కువైనాయి. 2013లో వున్న వెబ్‌పేజీలలో నూటికి 38, పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదని అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రం 2024లో లెక్కతేల్చింది. వ్యక్తులవే కాదు, ఊళ్లకు ఊళ్లే పోయాయి. లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 2009 అక్టోబరులో యాహూ మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే ఔత్సాహికుల గుంపు రాత్రింబగళ్లు కూర్చుని, అందినంత మేరకు నకలు తీసి కాపాడింది.

చివరగా, చెప్పడానికి ఇష్టంలేని మాట ఒకటి చెప్పాలి. వెబ్‌సైటుకు చిరునామా మనం కొనుక్కున్నామంటాము గాని, నిజానికి ఏటేటా కట్టే అద్దె అది. కట్టే మనిషి పోతే, గడువు తీరిన మర్నాడో మరునెలో గుమ్మం మూతపడుతుంది. గూగులు ఖాతాల సంగతీ చూడండి. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. ‘నేను వాడటం ఆపేస్తే ఫలానావారికి అందజెయ్యండి’ అని ముందే రాసిపెట్టే సదుపాయం కూడా అందులోనే వుంది. పొలం కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో ఇంట్లో చెప్పి వుంచుతాము గదా. పిల్లల చిన్ననాటి ఫొటోలన్నీ వున్న ఖాతా తాళంచెవి మాత్రం ఒక్క మనిషి బుర్రలో వుంచుకుంటాము.

నేను ఒక తెల్లకాగితం మీద, చోటు ఎవరి దగ్గర అద్దెకు వుంది, ఏ నెలలో ఎంత కట్టాలి, డిస్కులు ఎక్కడున్నాయి, తాళంమాటలు ఏమిటి అన్నీ రాసి బీరువాలో ఇంటి కాగితాలతో పెట్టాను. మా అమ్మాయికి చూపించాను. అది చదివి, “ఇన్ని ఎందుకు నాన్నా, ఏవి ముఖ్యమో చెప్పు చాలు,” అంది. సబబైన మాటే. కిందను ఇంకో రెండు పంక్తులు రాశాను: అద్దె కట్టలేకపోతే వెబ్‌సైటు పోనియ్యి, ఇంట్లో డిస్కు వుంది, అది కూడా వద్దనుకుంటే నాయనమ్మ పచ్చళ్లు, శాలిబండ రోడ్డు ఫొటోలు, ఈ రెండు మాత్రం వుంచు. మొత్తం 31 గిగాబైట్లలో ఆ రెండూ కలిపి ఒకటిన్నర గిగాబైటు. ఏ పెన్‌డ్రైవులోనైనా పడుతుంది.

ఇప్పుడు వెబ్‌సైటు మీద 2,600 ఫొటోలు, 310 వ్యాసాలు వున్నాయి. 9 గిగాబైట్లు. అద్దె పెరగలేదు. పేజీలు మా బస్తీలో అంతంతమాత్రం సిగ్నలు వున్న ఫోన్లలో కూడా చప్పున తెరుచుకుంటున్నాయి. తగ్గించిన తరవాత మళ్లీ ఒకసారి మూడు ప్రతులూ తీశాను.

పాఠకులలో ఎవరైనా ఈ పని మొదలుపెట్టదలిస్తే, వచ్చే భోగిదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం ఫోనులోని ఫొటోలు ఒక డిస్కులోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ డిస్కును మరో ఊళ్లో వున్న మనిషికి ఇవ్వండి. తీసెయ్యడం సంగతి తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మా ఇంట్లో ఇక అసలు అటక మిగిలింది. కంప్యూటరు అటక దించినంత శ్రద్ధగా దాన్నీ దించమని మా ఆవిడ ఆజ్ఞ. కాలు విరిగిన పీట పైన మొదటి వరసలోనే కనబడుతూ వుంది. అది మా నాయనమ్మది కాదు, వాళ్ల నాయనమ్మది. కాబట్టి దాని జోలికి పోవడం లేదు.